కొంచెం ఓవర్‌క్లాకింగ్‌కి ఎంత కూలర్ కావాలి?

ప్రశ్న: నా డెస్క్‌టాప్‌లో రైజెన్ 5 5600ఎక్స్ ప్రాసెసర్, బి550 మదర్‌బోర్డు ఉన్నాయి. ప్రాసెసర్ డబ్బాలో వచ్చిన చిన్న కూలరే ఇప్పటికీ వాడుతున్నాను. వీడియో రెండర్ పెడితే, అంటే ఎడిట్ చేసిన వీడియోని పూర్తి ఫైలుగా తయారుచేయమంటే, ఉష్ణోగ్రత 85, 86 డిగ్రీలకు పోతోంది. ఫ్యాన్ మోత పక్క గదిలోకి వినిపిస్తోంది. రికార్డుల కోసం కాదు గానీ, రెండర్ ఇంకాస్త త్వరగా అవుతుందని కొంచెం ఓవర్‌క్లాక్ చేద్దామనుకుంటున్నాను, అంటే ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన వేగం దాటించి నడుపుదామని. దానికి 240 మిల్లీమీటర్ల లిక్విడ్ కూలర్ తప్ప ఇంకేదీ పనికిరాదని మా స్నేహితుడు అంటున్నాడు. నా క్యాబినెట్‌లో 160 మిల్లీమీటర్ల ఎత్తు వరకే కూలర్ పడుతుంది. ముందు వైపు గాజు పలక ఉంది. ర్యామ్ నాలుగు స్లాట్లలోనూ ఉంది, అదీ లైట్లున్న ఎత్తైన రకం. ఏ కూలర్ తీసుకోవాలి? 85 డిగ్రీలు ప్రమాదమా? పాత కూలర్‌ని ఏం చేయాలి?

సమాధానం: అడిగినదానికి ముందే సూటిగా చెప్పేస్తాను. మీకు కావలసింది ఒకే టవర్ (అంటే నిలువుగా నిలబడే రెక్కల దొంతర), ఒకే 120 మిల్లీమీటర్ల ఫ్యాన్, నాలుగు లేదా ఐదు రాగి హీట్ పైపులు ఉండి, ఎత్తు 158 మిల్లీమీటర్లు దాటని ఎయిర్ కూలర్. లిక్విడ్ కూలర్ అక్కర్లేదు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తాల్సిన పని లేదు. కానీ ఏదైనా కొనేముందు ఈ రాత్రే ఒక చిన్న పరీక్ష చేయండి. అసలు తప్పు కూలర్‌దా, క్యాబినెట్‌దా అన్నది దాంతోనే తేలిపోతుంది.

మీరు ఎప్పుడూ చేసే రెండర్ ఒకటి పెట్టి, ఇరవై నిమిషాలు ఆగి, హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో ప్రాసెసర్ ఉష్ణోగ్రత చూసి రాసుకోండి. గదిలో ఎన్ని డిగ్రీలుందో కూడా పక్కనే రాయండి. తర్వాత క్యాబినెట్ పక్క పలక తీసేసి, అదే రెండర్‌ని మళ్లీ అంతసేపే నడపండి. తేడా రెండు మూడు డిగ్రీలే అయితే మీ క్యాబినెట్ బాగానే గాలి పీలుస్తోంది, లోటంతా కూలర్‌దే. ఏడెనిమిది డిగ్రీలు, అంతకంటే ఎక్కువ తగ్గితే మాత్రం ముందున్న ఆ గాజు పలకే గాలిని ఆపేస్తోంది. అప్పుడు ఎంత గొప్ప కూలర్ బిగించినా, అది చుట్టూ తిరుగుతున్న వేడి గాలినే మళ్లీ మళ్లీ మింగుతుంది. గాజు పలక వెనక ఫ్యాన్లు ఉన్నా, వాటికి గాలి అందేది పక్కనున్న సన్నని చీలికల గుండానే కదా. మీ ఉత్తరం చదువుతున్నప్పుడు 85 డిగ్రీలకంటే ఆ గాజు పలక మాటే నన్ను ఎక్కువ ఆపింది.

ఇక ఆ 85 డిగ్రీల సంగతి. ఈ ప్రాసెసర్‌కి ఏఎమ్‌డీ పెట్టిన గరిష్ఠ ఉష్ణోగ్రత 95 డిగ్రీలు. అక్కడికి చేరగానే అది తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. అయినా వేడి ఆగకపోతే యంత్రం ఆగిపోతుంది. కాబట్టి రెండర్ సమయంలో 85 చూసి భయపడకండి, చిప్ పాడవదు. కాకపోతే మీ దగ్గర మిగిలిన వెసులుబాటు పది డిగ్రీలే. పైగా కూలర్ ఏదైనా గది గాలికంటే చల్లబరచలేదు, గది ఉష్ణోగ్రత మీద ఇన్ని డిగ్రీలు అన్న లెక్కలోనే పనిచేస్తుంది. గది 27 ఉన్నప్పుడు ప్రాసెసర్ 85కి వెళ్తోందంటే తేడా 58. అదే గది 36 అయితే చిప్ 94 దగ్గర ఉంటుంది. అంటే ఓవర్‌క్లాక్ మొదలుపెట్టకుండానే అంచుకి చేరినట్టు. అందుకే ఎవరైనా "నాకు 70 డిగ్రీలే వస్తోంది" అంటే, వెంటనే గది ఎంత అని అడగండి. అది తెలియకపోతే ఆ 70కి అర్థం లేదు.

ఓవర్‌క్లాక్ చేస్తే వేడి ఎంత పెరుగుతుందో చూద్దాం. డబ్బా మీద 65 వాట్లు అని ఉన్నా, మీ 5600ఎక్స్ సాకెట్ నుంచి, అంటే బోర్డు మీద అది కూర్చునే గూటి నుంచి, 76 వాట్ల వరకు తీసుకోవడానికి ఫ్యాక్టరీ సెట్టింగే అనుమతిస్తుంది. చిప్‌లో పుట్టే వేడి వేగంతో సమానంగా పెరుగుతుంది గానీ, వోల్టేజితో మాత్రం వర్గం లెక్కన పెరుగుతుంది. ఉదాహరణకి అన్ని కోర్లూ 4.3 గిగాహెర్ట్జ్‌లో 1.20 వోల్టులతో నడుస్తున్నాయనుకోండి. మీరు 4.6కి పెంచి, అది నిలబడటానికి 1.30 వోల్టులు ఇచ్చారు. వేగం పెరిగింది 7 శాతం. వేడి పెరిగింది దాదాపు 25 శాతం. అందులో ఎక్కువ భాగం ఆ వోల్టేజి పుణ్యమే. ఓవర్‌క్లాకింగ్ గురించి ఒక్కటే గుర్తుపెట్టుకోమంటే నేను దీన్నే గుర్తుపెట్టుకోమంటాను. మెగాహెర్ట్జ్ చవక, వోల్టు ఖరీదు.

ఆ మాటకొస్తే మీ తరం ప్రాసెసర్‌లో అన్ని కోర్లనీ ఒకే వేగానికి బిగించే పాత పద్ధతి నేను సిఫారసు చేయను. ఒక్క కోర్ పనిలో ఈ చిప్ తనంతట తానే 4.6 గిగాహెర్ట్జ్ అందుకుంటుంది. చేత్తో బిగిస్తే రెండర్‌లో కాస్త లాభం రావచ్చు గానీ, మిగతా పనుల్లో ఒక్కోసారి ఉన్నదే పోతుంది. బయోస్‌లో, అంటే మదర్‌బోర్డు సొంత సెట్టింగుల తెరలో, ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్ అని ఉంటుంది, దాంట్లోనే కర్వ్ ఆప్టిమైజర్ ఉంటుంది. మొదటిది వాట్ల పరిమితిని సడలిస్తుంది. రెండోది ఒక్కో వేగానికి చిప్ అడిగే వోల్టేజిని తగ్గిస్తుంది. రుణాత్మకంగా 10తో మొదలుపెట్టి, నిలకడగా ఉంటే 15, 20 దాకా వెళ్లండి. వోల్టేజి తగ్గిన చోట చిప్ ఆ మిగులుని వేగంగా మార్చుకుంటుంది. మీరు కోరుకునే "కొంచెం" అక్కడే దొరుకుతుంది, అదీ దాదాపు అదే వేడితో. ఆ తర్వాత కావాలంటే వాట్ల పరిమితి పెంచండి. పూర్తిగా సడలించినా ఆరు కోర్ల ఈ చిప్ రెండర్‌లో సుమారు 100 నుంచి 120 వాట్ల మధ్య తాగుతుంది. మనం కొనే కూలర్ మోయాల్సిన బరువు అంతే. ఒక హెచ్చరిక కూడా. ఈ ఓవర్‌డ్రైవ్‌ని ఏఎమ్‌డీయే ఇచ్చినా, దాని వల్ల జరిగే నష్టం ఏఎమ్‌డీ వారంటీ కిందికి రాదు. తెలిసి చేయండి.

మీ చిన్న కూలర్, అంటే రైత్ స్టెల్త్, ఈ బరువు ఎందుకు మోయలేదో చెబుతాను. అది ఒక అల్యూమినియం ముద్ద, దాని మీద ఫ్యాన్. హీట్ పైపులు లేవు. వేడి లోహం గుండా మెల్లగా పాకి రెక్కల చివరకి చేరాలి, చేరేలోపే కింద ఇంకా వేడి పోగవుతుంది. టవర్ కూలర్‌లో వేరే ఏర్పాటు ఉంటుంది. హీట్ పైపు అనేది మూసేసిన రాగి గొట్టం. లోపల గాలి తీసేసి, కొన్ని చుక్కల నీళ్లు పోసి ఉంచుతారు. ఒత్తిడి తక్కువ కాబట్టి ఆ నీళ్లు వందకంటే చాలా తక్కువ ఉష్ణోగ్రతకే ఆవిరవుతాయి. ఆవిరి పైకి పోయి, రెక్కల దగ్గర వేడి వదిలేసి మళ్లీ నీరవుతుంది. గొట్టం లోపలి గోడకి అతికించిన రాగి పొడి పొర ఆ నీటిని ఒత్తిలా పీల్చి కిందికి తెస్తుంది. కదిలే భాగమేదీ లేకుండా ఏళ్ల తరబడి సాగే వాన చక్రం అది. నాకు కంప్యూటర్‌లో ఇంతకంటే అందమైన వస్తువు ఇంకోటి కనిపించదు.

అయితే పెద్ద టవర్, రెండు టవర్లు ఉన్నది కొంటే ఇంకా మంచిది కాదా అనిపిస్తుంది. మీ చిప్ విషయంలో ఆ తేడా కొద్ది డిగ్రీలే. ఎందుకంటే ఆరు కోర్లూ ఉన్న సిలికాన్ ముక్క వైశాల్యం 81 చదరపు మిల్లీమీటర్ల దగ్గర, అంటే చిటికెన వేలి గోరంత. పైన ఉన్న లోహపు మూత చాలా పెద్దది గానీ, వేడంతా పుట్టేది ఆ గోరంత చోటులోనే. అక్కడి నుంచి మూతలోకి, మూతలోంచి కూలర్‌లోకి రావడమే ఇరుకు దారి. ఆ దారి దాటాక రెక్కలు ఎన్ని ఉన్నా దారి వెడల్పవదు. 16 కోర్లు, రెండు సిలికాన్ ముక్కలు ఉండి 142 వాట్ల దాకా తీసుకునే 5950ఎక్స్ మీ దగ్గర ఉంటే పెద్ద కూలరే కొనమనేవాణ్ని. ఈ చిప్‌కి అనవసరం.

మీ స్నేహితుడి మాట పూర్తిగా కొట్టేయను. లిక్విడ్ కూలర్‌లో మేలు ఉంది. నీటికి వేడిని దాచుకునే శక్తి ఎక్కువ కాబట్టి మొదటి కొన్ని నిమిషాలు ఉష్ణోగ్రత చాలా మెల్లగా పెరుగుతుంది. వేడిని క్యాబినెట్ అంచుకి మోసుకెళ్లి వదులుతుంది. కానీ మీ రెండర్ కొన్ని నిమిషాల పని కాదు. నీళ్లు ఒకసారి వేడెక్కాక, ఆపైన లెక్కకొచ్చేది రేడియేటర్ గాలికి ఎంత వేడి వదులుతోందన్నదే. ఆ రేడియేటర్‌ని మీరు గాజు పలక వెనకే బిగించాల్సి రావచ్చు. గాలి లేని చోట రేడియేటర్ ఏం చేస్తుంది? పైగా పంపు ఒక రోజు ఆగిపోవచ్చు. గొట్టాల్లోంచి ఏళ్ల మీద ద్రవం కొంచెం కొంచెంగా ఆవిరై పోతుంది. ఎయిర్ కూలర్‌లో పాడయ్యేది ఫ్యాన్ ఒక్కటే, దాన్ని అయిదు నిమిషాల్లో మార్చుకోవచ్చు. ఇంకో విషయం. మదర్‌బోర్డు మీద ప్రాసెసర్‌కి కరెంటు అందించే వీఆర్ఎమ్ భాగాలుంటాయి. ఓవర్‌క్లాక్‌లో అవీ వేడెక్కుతాయి. లిక్విడ్ కూలర్ పెడితే వాటి చుట్టూ గాలి అంతగా కదలదు. టవర్ ఫ్యాన్ వాటి మీదికి నేరుగా ఊదకపోయినా, ఆ చుట్టుపక్కల గాలిని కదిలిస్తుంది.

ఇప్పుడు కొలతలు. కొన్న కూలర్ పట్టక తిప్పి పంపేవాళ్లలో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. మీ పరిమితి 160 అన్నారు. నాక్టువా ఎన్‌హెచ్-డి15 ఎత్తు 165, కాబట్టి అది మీ జాబితాలోంచి పోయినట్టే. అదే కంపెనీ ఎన్‌హెచ్-యు12ఎస్ 158. డీప్‌కూల్ ఏకే400 155. కూలర్ మాస్టర్ హైపర్ 212 ఈవో 159, కాగితం మీద పడుతుంది గానీ ఒక్క మిల్లీమీటరు సందుతో పక్క పలక బిగించడం నాకు ఇష్టం లేదు. పలకని ఒత్తి పెట్టాల్సి వస్తే ఆ ఒత్తిడి మదర్‌బోర్డు మీదికి పోతుంది.

ఎత్తు కుదిరాక ర్యామ్. నాలుగు స్లాట్లూ నిండి ఉన్నాయి కాబట్టి ప్రాసెసర్‌కి దగ్గరి కడ్డీ మీదికే ఫ్యాన్ వచ్చే అవకాశం ఉంది. మీ ర్యామ్ ఎత్తు స్కేలుతో కొలవండి. మామూలు రకం 31 నుంచి 34 మిల్లీమీటర్లు ఉంటుంది, లైట్లున్నవి 45, 50 దాకా పోతాయి. ఫ్యాన్‌ని కాస్త పైకి జరిపి క్లిప్పు పెట్టుకోవచ్చని చాలామంది చెబుతారు. నిజమే గానీ, అలా జరిపిన ఫ్యాన్ కూలర్ పై అంచుని దాటితే, దాటిన ప్రతి మిల్లీమీటరూ ఎత్తుకి కలుస్తుంది. 155 ఎత్తు కూలర్‌కి ఫ్యాన్ పది మిల్లీమీటర్లు పైకి జరిగితే మీ పక్క పలక మూసుకోకపోవచ్చు. అందుకే మీకు రెక్కల మందం తక్కువ ఉండి, ర్యామ్ స్లాట్ల మీదికి రాకుండా ఆగే టవర్ కావాలి. ఆ యు12ఎస్‌ని ప్రత్యేకంగా ఆ ఆలోచనతోనే చేశారు. వేరేది ఏది నచ్చినా, దాని కొలతల బొమ్మలో సాకెట్ మధ్య నుంచి ఫ్యాన్ ముందు అంచు వరకు ఎంతుందో చూసి, మీ బోర్డు మీద స్కేలు పెట్టి పోల్చుకోండి. మీ బోర్డు మీది సాకెట్ రకం ఏఎమ్4 అని మరిచిపోకండి. ఇంటెల్‌కి మాత్రమే సరిపడే బిగింపు సామాను ఉన్న పాత కూలర్లు ఇంకా అమ్మకంలో కనిపిస్తాయి.

కూలర్ డబ్బా మీద "220 వాట్లు", "250 వాట్లు" అని రాసి ఉంటే ఆ సంఖ్యను పట్టుకుని నిర్ణయం తీసుకోకండి. దాన్ని కొలవడానికి అందరూ ఒప్పుకున్న పద్ధతి ఏదీ లేదు. ఏ గదిలో, ఎంత వేడిమూలం మీద, ఫ్యాన్ ఎంత మోత చేస్తుండగా అన్నది ఎవరి లెక్క వారిది. నాక్టువా అయితే ఆ వాట్ల లెక్కను పక్కనపెట్టి, తన కూలర్లను ఒకదానితో ఒకటి పోల్చే సొంత రేటింగ్ ఇస్తుంది. మీరు చూడాల్సింది మీ ప్రాసెసర్ మీదే, లేదా అదే తరం ఆరు కోర్ల చిప్ మీద, మోతను సమానంగా ఉంచి చేసిన పరీక్షలు.

మోత గురించి మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేశారు గానీ, రోజూ మిమ్మల్ని వేధించేది అదేనని నాకు అనిపించింది. ఫ్యాన్ వేగాన్ని 1500 నుంచి 1200కి తగ్గిస్తే శబ్దం అయిదు డెసిబెల్స్ దాకా తగ్గుతుంది, గాలి మాత్రం అయిదో వంతే తగ్గుతుంది. సగానికి తగ్గిస్తే పదిహేను డెసిబెల్స్. పెద్ద రెక్కల కూలర్ కొనడంలో అసలు సుఖం అక్కడుంది. ఉష్ణోగ్రత ఇంకో మూడు డిగ్రీలు తగ్గించడం కోసం కాదు, అదే ఉష్ణోగ్రతని నెమ్మదిగా తిరిగే ఫ్యాన్‌తో అందుకోవడం కోసం. నాలుగు పిన్నుల పీడబ్ల్యూఎమ్ ఫ్యాన్, అంటే బోర్డు వేగాన్ని సన్నగా నియంత్రించగల రకం, ఉన్నదే తీసుకోండి. బయోస్‌లో 60 డిగ్రీల దాకా వేగాన్ని సమంగా ఉంచి, అక్కడి నుంచి 80 దాకా మెల్లగా పెంచండి. రైజెన్ చిప్పులు ఒక బ్రౌజర్ తెరిచినా క్షణకాలం పది డిగ్రీలు ఎగురుతాయి. ఫ్యాన్ ప్రతి ఎగురుడుకీ పరుగెత్తకుండా, స్పందన ఆలస్యాన్ని రెండు మూడు సెకన్లు పెట్టండి. బోర్డుని బట్టి ఆ సెట్టింగ్ పేరు మారుతుంది.

బిగించే రోజు జాగ్రత్తగా చేయాల్సిన పని పాతది తీయడం. దీని గురించి నేను గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఏఎమ్4లో పిన్నులు ప్రాసెసర్ అడుగునే ఉంటాయి, 1331. సాకెట్ వాటిని ఒక చిన్న మీటతో పట్టుకుంటుంది, అంతే. ప్రాసెసర్ మూతకీ కూలర్‌కీ మధ్య వేడి దాటడానికి పూసే థర్మల్ పేస్టు ఎండి గట్టిపడితే, కూలర్‌ని పైకి లాగినప్పుడు ప్రాసెసర్ కూడా దానికి అతుక్కుని, మీట వేసి ఉండగానే ఊడి వచ్చేస్తుంది. నేను మొదటిసారి ఏఎమ్4 కూలర్ మార్చినప్పుడు అదే జరిగింది. రెండు పిన్నులు వంగాయి. సూదితో, భూతద్దంతో ఒక సాయంత్రమంతా కూర్చుని సరిచేశాను. ఆ సాయంత్రం మీకు వద్దు. కంప్యూటర్‌ని ముందు పది పదిహేను నిమిషాలు రెండర్‌లో నడిపి పేస్టుని వెచ్చబరచండి. ఆపేసి, కరెంటు తీగ పీకి, స్క్రూలు కొంచెం కొంచెంగా మార్చి మార్చి వదులు చేయండి. తర్వాత కూలర్‌ని పైకి లాగకుండా, అటూ ఇటూ మెల్లగా తిప్పండి. జిగురు వదిలినట్టు చేతికి తెలుస్తుంది. అప్పుడు ఎత్తండి.

స్క్రూలు పూర్తిగా వచ్చేశాక బోర్డు వెనకున్న లోహపు పలక జారి పడిపోతుంది. కొత్త కూలర్ దాన్నే వాడుకుంటుందా, తన సొంతది తెచ్చుకుంటుందా అన్నది ముందే చదివి పెట్టుకోండి. పాత పేస్టుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. కొత్తది మూత మధ్యలో బఠాణీ గింజంత చాలు. కాకపోతే మీ చిప్‌లో కోర్ల ముక్క సరిగ్గా మధ్యలో ఉండదు, ఒక పక్కకి ఉంటుంది. అందుకని నాలుగు మూలల దగ్గర కూడా చిన్న చుక్కలు పెట్టడం నాకు అలవాటు. పేస్టు ఎక్కువైతే పక్కకి కారుతుంది, అంతకుమించి నష్టం లేదు. మరీ తక్కువైతే గాలి సందు మిగులుతుంది, గాలి వేడిని రాగిలో పదివేల వంతు కూడా మోయదు. కూలర్ అడుగున అంటించిన ప్లాస్టిక్ పొరని తీశారా లేదా అని బిగించే ముందు మళ్లీ ఒకసారి చూసుకోండి.

కొత్త కూలర్ బిగించిన రోజే ఓవర్‌క్లాక్ మొదలుపెట్టకండి. ముందు పాత సెట్టింగులతోనే ఆ మొదటి పరీక్ష మళ్లీ చేయండి. గది అంతే ఉన్నప్పుడు ఉష్ణోగ్రత పాతదానికంటే పది డిగ్రీలైనా తగ్గకపోతే బిగింపులో ఏదో తప్పుంది, తీసి మళ్లీ బిగించండి. తగ్గితే కర్వ్ ఆప్టిమైజర్‌కి వెళ్లండి. ప్రాసెసర్‌ని పూర్తిగా పనిచేయించి చూసే సినీబెంచ్ ఆర్23 ప్రోగ్రామ్‌లో పది నిమిషాల పరీక్ష, తర్వాత మీ సొంత రెండర్ ఒక గంట. 85 లోపు ఉంటే నిశ్చింతగా ఉండండి. ప్రైమ్95 అనే ఇంకా కఠినమైన ప్రోగ్రామ్‌లోని 'చిన్న ఎఫ్ఎఫ్‌టీల' పరీక్షలో అంతకంటే ఎక్కువ వస్తుంది, మీరు రోజూ చేసే ఏ పనీ చిప్‌ని అంత కాల్చదు కాబట్టి దాన్ని చూసి కూలర్ మార్చేయకండి. కర్వ్‌ని మరీ కిందికి దించితే వచ్చే తేడా మాత్రం బరువు పనిలో బయటపడదు. ఖాళీగా ఉన్నప్పుడు, ఒక్క కోర్ అత్యధిక వేగానికి ఎగిరినప్పుడు యంత్రం చప్పున రీస్టార్ట్ అవుతుంది. అలా జరిగితే కూలర్‌ని అనుమానించకండి, ఆ 20ని 15కి తెచ్చుకోండి.

మొదటి పరీక్షలో క్యాబినెట్‌దే తప్పని తేలితే, కూలర్‌కంటే ముందు ముందువైపు జాలీ ఉన్న క్యాబినెట్ చూడండి. అందులో కూలర్ ఎత్తు పరిమితి కూడా పెరగవచ్చు, అప్పుడు పైన చెప్పిన మిల్లీమీటర్ల ఇబ్బంది సగం పోతుంది. రెండూ ఒకేసారి కొనలేకపోతే ముందు క్యాబినెట్, కొన్నాళ్లు పాత కూలర్‌తోనే, ఓవర్‌క్లాక్ లేకుండా.

పాత కూలర్‌ని పారేయకండి. అడుగు తుడిచి, దాని నాలుగు స్క్రూలనీ, బోర్డు మీంచి తీసిన ప్లాస్టిక్ బ్రాకెట్లనీ, వెనక పలక మిగిలితే దాన్నీ ఒకే సంచిలో వేసి ప్రాసెసర్ డబ్బాలో పెట్టండి. ఎప్పుడైనా టవర్ తీసి బోర్డు మార్చాల్సి వచ్చినా, కంప్యూటర్ సరిగ్గా ఆన్ కావడం లేదని తప్పు ఎక్కడుందో వెతకాల్సి వచ్చినా, చిన్నగా ఉండి రెండు నిమిషాల్లో బిగిసే ఆ కూలరే చేతికి అందుతుంది.